రెప్‌గా చేరి రెండు నెలలయింది, మానేయాలా?

మందుల కంపెనీల్లో మెడికల్ రిప్రజెంటేటివ్‌లుగా, అంటే డాక్టర్లను కలిసి కంపెనీ మందుల గురించి చెప్పే రెప్‌లుగా, కొత్తగా చేరినవాళ్ళ నుంచి ఈ ప్రశ్నతో నాకు ఏటా నాలుగైదు ఫోన్లు వస్తాయి. దాదాపు అన్నీ రాత్రి పదిన్నర దాటాకే. ఆఖరి డాక్టర్ని కలిసి, ఏ బస్టాండులోనో కూర్చొని, లేదా రోడ్డు పక్కన బండి ఆపుకొని మాట్లాడుతుంటారు. "మేడం, ఈ పని నావల్ల అయ్యేలా లేదు" అంటారు. నేను ఉండమనీ చెప్పను, మానేయమనీ చెప్పను. "నీకు ఏది కష్టంగా ఉందో ఒక్క మాటలో చెప్పు" అంటాను. ఇంతవరకు ఒక్కరూ ఒక్క మాటలో చెప్పలేదు. డాక్టరు తల ఎత్తి చూడకపోవడం, మేనేజరు ఫోన్లు, పెట్రోలు ఖర్చు, టార్గెట్టు, "ఇంత చదివి బ్యాగు మోయడమా" అన్న చుట్టాల మాటలు, అన్నీ కలిసి ఒకే ముద్దగా బయటికి వస్తాయి.

ఆ ముద్దను విడదీయడం మొదటి పని. మాది తెనాలి దగ్గర పల్లె. బి.ఫార్మసీ చదివి 2011 జూలైలో గుంటూరు హెడ్‌క్వార్టర్‌గా మెడికల్ రిప్రజెంటేటివ్ ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు ఏరియా మేనేజరుగా ఆరుగురు రెప్‌ల పని చూస్తున్నాను. చేరిన మొదటి ఏడాదిలోనే మూడుసార్లు రాజీనామా రాశాను, మూడుసార్లూ చింపేశాను. ఉండటానికి కారణం తెలియలేదు, పోవడానికీ కారణం తెలియలేదు. అప్పట్లో ఎవరైనా పక్కన కూర్చొని చెప్పి ఉంటే బాగుండేది అనిపించిన విషయాలే ఇవి.

ముందు ఒక తేదీ పెట్టుకోండి

చాలా కంపెనీల్లో ప్రొబేషన్ ఆరు నెలలు ఉంటుంది. ఐదో నెల ఆఖరున ఒక తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఆ రోజు దాకా ఉండాలా మానాలా అన్న ఆలోచనను పక్కన పెట్టండి. ఐదు నెలలే ఎందుకంటే, మన లిస్టులో ఉన్న డాక్టర్ని నెలకు ఒకసారో రెండుసార్లో కలుస్తాం. కలిసిన ప్రతిసారీ దొరికేది రెండు నిమిషాలు. రెండు నెలలు గడిచేసరికి ఒక్కో డాక్టరు ముందు మీరు నిలబడింది మొత్తం కలిపి పది నిమిషాలు కూడా ఉండదు. ఆయనకు మీ పేరు కూడా ఇంకా తెలియదు. అప్పుడే ఆయన చీటీ మీద మీ మందు రాయలేదని మిమ్మల్ని మీరు తూకం వేసుకోవద్దు.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. నియామక పత్రం ఇవ్వకుండా నెలలు గడుపుతుంటే, జీతం ఆపుతుంటే, మీ డబ్బు పెట్టి సరుకు కొనమంటుంటే, మీ భద్రతకు ముప్పు ఉంటే ఐదో నెల దాకా ఆగనక్కరలేదు. నియామక పత్రం కంపెనీ దయతో ఇచ్చేది కాదు. 1976 నాటి సేల్స్ ప్రమోషన్ ఎంప్లాయీస్ చట్టంలోనే అది యజమాని బాధ్యత అని ఉండేది, కొత్త కార్మిక కోడ్‌లలోనూ ఆ బాధ్యత కొనసాగింది.

తేదీ పెట్టుకున్నాక ఒక చిన్న నోటుబుక్కు కొనండి. కంపెనీ యాప్‌లో డీసీఆర్ (ఆ రోజు ఎవరెవరిని కలిశామో చెప్పే నివేదిక) నింపడం ఎలాగూ ఉంటుంది. ఈ పుస్తకం మీ కోసం. రాత్రి పడుకునే ముందు ఆ రోజు మనసుకు బరువుగా అనిపించిన సంగతిని రెండు వాక్యాల్లో రాసి, పక్కన ఒక మాట పెట్టండి: పని, కంపెనీ, మేనేజరు, డబ్బు. వీటిలో ఏదో ఒకటి. నెల తిరిగాక ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. "పని" అన్న మాటే ఎక్కువసార్లు వస్తే కంపెనీ మారినా మీ బాధ తీరదు. "కంపెనీ" అనో "మేనేజరు" అనో ఎక్కువసార్లు వస్తే ఈ వృత్తిని వదలనక్కరలేదు, ఆ చోటు వదిలితే చాలు. నేను మూడోసారి రాజీనామా చింపింది ఇలా లెక్కపెట్టుకున్నాకే. నా పుస్తకంలో 26 రోజుల్లో "పని" అని ఉన్నది నాలుగుసార్లే.

గది బయట, గది లోపల

కొత్తవాళ్ళను ఎక్కువగా కుంగదీసేది ఎదురుచూపు. గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో సాయంత్రం ఓపీ మొదలయ్యాక కంపౌండరు చేతికి కార్డు ఇచ్చి కూర్చుంటే, రోగులు అయిపోయేసరికి తొమ్మిది దాటుతుంది. పక్కన మరో ఎనిమిది కంపెనీల రెప్‌లు ఉంటారు. ఆ ఎదురుచూపు అవమానం అనుకుంటే ఈ పని నరకంలా ఉంటుంది. రోగులను ముందు చూడటం డాక్టరు ధర్మం, అందులో మనకు అవమానం ఏమీ లేదు. ఈ మాట నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి ఒడిలో పెట్టుకొని కూర్చున్న తల్లి కంటే ముందు మనం లోపలికి వెళ్ళకూడదు.

ఆ సమయాన్ని ఏం చేసుకుంటామన్నది మన చేతిలో ఉంది. దీన్ని నాకు నేర్పింది తెనాలిలో ఒక గైనకాలజిస్టు. చేరిన మూడో నెలలో ఆవిడను కలిశాను. విజువల్ ఎయిడ్ (డాక్టరుకు చూపించే మందుల పుస్తకం) తెరిచి, ట్రైనింగులో బట్టీ పట్టిన వాక్యాలతో మా రక్తపోటు మందు టెల్మిసార్టాన్ గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ నన్ను మధ్యలో ఆపలేదు. చెప్పడం అయ్యాక ఆ పుస్తకాన్ని నా చేతిలోంచి తీసుకొని చివరి పేజీకి తిప్పారు. అడుగున చీమల బారులా ఉన్న చిన్న అక్షరాల మీద పెన్ను పెట్టారు.

"ఇది చదివావా అమ్మా?"

"లేదు మేడం."

"గర్భిణులకు ఈ మందు ఇవ్వకూడదు. కడుపులో బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది గర్భిణులే. నా పేరు నీ లిస్టులో ఎవరు పెట్టారు?"

కాల్స్ (డాక్టర్లను కలవడం) సంఖ్య నిండటానికి మేనేజరు పెట్టించిన పేరు అది. నేను ఏమీ అనలేకపోయాను. ఆవిడ కోప్పడలేదు. "లాబెటలాల్ ఉంటే తీసుకురా, వింటాను. దీని గురించి ఫిజీషియన్లకు చెప్పు" అని పుస్తకం నా చేతికిచ్చారు. నీలం సిరాతో ఆవిడ గీసిన గీత ఆ పేజీలో చాలాకాలం ఉంది.

ఆ రాత్రి నేను రాజీనామా రాశాను. మర్నాడు దాన్ని పక్కన పెట్టి, మా పదకొండు మందుల చివరి పేజీలూ చదివాను. ఏ మందు ఎవరికి ఇవ్వకూడదు, కిడ్నీ దెబ్బతిన్నవారికి డోసు ఎంత తగ్గించాలి, ఏ మందుతో కలిస్తే ప్రమాదం అన్నవి ఒక్కో మందుకు ఒక్కో కాగితం మీద తెలుగులో రాసుకున్నాను. ఆ కాగితాలే తరువాత క్లినిక్కుల బయట నా చదువు అయ్యాయి. మీరూ ఇదే చేయండి. బట్టీ పట్టినది చెప్పే రెప్‌కూ, మందు తెలిసిన రెప్‌కూ తేడా డాక్టరుకు మొదటి అర నిమిషంలోనే తెలిసిపోతుంది. తెలియని ప్రశ్న అడిగితే "తెలియదు సార్, కనుక్కొని వస్తాను" అనండి, తప్పకుండా కనుక్కొని వెళ్ళండి. ఇలా ఓ నెల చదివి చూశాక కూడా మందుల సంగతులు తెలుసుకోవాలన్న కోరిక మీలో కలగకపోతే, అది నోటుబుక్కులో "పని" అన్న మాట పక్కన రాసుకోవలసిన గట్టి కారణం.

డబ్బు లెక్క

చేతికి వచ్చే జీతం అసలు జీతం కాదు. 2011లో నా జీతం 11,500 రూపాయలు. పెట్రోలు, మధ్యాహ్నం భోజనం, ఫోను, టీలు, బండి రిపేరు కలిపి ఒక నెలలో నా చేతి ఖర్చు 5,200 అయింది. అలవెన్సుల కింద కంపెనీ ఇచ్చింది 3,900. అంటే నా జీతం 10,200 మాత్రమే. పైగా ఆ 3,900 మరుసటి నెలలో వచ్చేది, ఈలోపు చేతిలో డబ్బు ఉండాలి. మీరు కూడా మూడు నెలలు ఈ లెక్క రాయండి. హెడ్‌క్వార్టర్, ఎక్స్ స్టేషన్ (దగ్గరి ఊళ్ళు), ఔట్ స్టేషన్ (దూరపు ఊళ్ళు) అలవెన్సులు ఎంతెంతో కాగితం మీద అడిగి తీసుకోండి. క్లెయిము పంపే ఆఖరి తేదీ దాటనివ్వవద్దు. ఇన్సెంటివ్‌ను మాత్రం ఈ లెక్కలో కలపకండి. అది వచ్చిన నెలలో సంతోషించండి, రాని నెలలో ఇల్లు గడిచేలా చూసుకోండి.

మీకు ముందు ఏం జరిగిందో చూడండి

నా అనుభవంలో కొత్త రెప్‌లలో సగం మంది బాధకు మూలం వాళ్ళలో లేదు, వాళ్ళు చేరక ముందే జరిగిన పనుల్లో ఉంది. అందుకే ఈ భాగాన్ని వివరంగా రాస్తున్నాను.

కంపెనీ నుంచి స్టాకిస్టుకు, అంటే టోకు వ్యాపారికి, వెళ్ళిన సరుకు ప్రైమరీ. స్టాకిస్టు దగ్గరనుంచి మందుల షాపులకు వెళ్ళినది సెకండరీ. డాక్టరు రాసి, రోగి కొన్న సరుకు కదిలేది సెకండరీలోనే. నెలాఖరులో టార్గెట్టు కోసం ఒత్తిడి వచ్చినప్పుడు చాలామంది స్టాకిస్టును బతిమాలి ప్రైమరీ పెంచుతారు. ధర నియంత్రణలో ఉన్న మందుల మీద స్టాకిస్టుకు దొరికే మార్జిన్ 8 శాతం, షాపుకు 16 శాతం. మిగతా మందుల మీద సాధారణంగా 10, 20 శాతం. అంత తక్కువ మార్జిన్ మీద బతికే స్టాకిస్టు కదలని సరుకును గోడౌనులో ఎన్నాళ్ళు పెట్టుకుంటాడు? అది ఎక్స్‌పైరీ అయ్యాక ఎవరో ఒకరి నెత్తిన పడాలి.

2012 మార్చిలో అది నా నెత్తిన పడింది. ఆర్థిక సంవత్సరం ఆఖరు. నా టెరిటరీలో (నాకు అప్పగించిన ప్రాంతంలో) నిజమైన అమ్మకం నెలకు 90,000. టార్గెట్టుకు ఇంకా 22,000 తక్కువ ఉంది. "ఈ ఒక్క నెల గట్టెక్కించు, ఏప్రిల్‌లో సర్దేద్దాం" అన్నారు పైవాళ్ళు. ఆ వారమే మా నాన్న మినుములు అమ్మిన డబ్బు ఇంటికి వచ్చింది. నేను అడగగానే, ఎందుకని కూడా అనకుండా, పేపరులో చుట్టిన నోట్ల కట్ట నా బ్యాగులో పెట్టారు. ఆ డబ్బుతో స్టాకిస్టు దగ్గర నా పూచీ మీద సరుకు ఎత్తించాను. నెల గట్టెక్కింది, మీటింగులో చప్పట్లు కొట్టారు. ఆ సరుకు కదలలేదు. మరుసటి ఏడాది ఎక్స్‌పైరీ అయ్యాక, అన్ని కోతలూ పోయి నాకు తిరిగి వచ్చింది 6,000. నాన్న ఆ మిగతా డబ్బు గురించి ఇప్పటికీ ఒక్క మాట అడగలేదు.

డబ్బు నష్టం ఒక ఎత్తు. దాని వెనక మరొకటి వచ్చింది. మరుసటి మార్చి టార్గెట్టును కంపెనీ ఎలా వేసింది? నేను చూపించిన 1,12,000 మీద 15 శాతం పెంచి, సుమారు 1,29,000 అని వేసింది. నిజమైన అమ్మకం 90,000 ఉన్నచోట 43 శాతం పెరుగుదల తేవాలన్నమాట. నేను చెప్పిన అబద్ధం నా మీదే టార్గెట్టుగా తిరిగివచ్చింది. నేను మానేసి ఉంటే నా తరువాత వచ్చిన కుర్రవాడి మీద పడేది, అతడు తనకే చేతకావడం లేదనుకొని కుమిలిపోయేవాడు.

మీరు ఇప్పుడు అతడి స్థానంలో ఉన్నారేమో చూసుకోండి. ఎలాగంటే, స్టాకిస్టు దగ్గరికి వెళ్ళి గత పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు అడగండి. ప్రతి మందుకూ నెలవారీ సెకండరీ ఎంతో, క్లోజింగ్ స్టాకు (నెలాఖరున మిగిలిన సరుకు) ఎంతో పక్కపక్కన రాయండి. క్లోజింగ్ స్టాకు రెండు నెలల అమ్మకం కంటే ఎక్కువ ఉన్న మందుల్లో సరుకు తోశారని అనుమానించాలి. మార్చి, సెప్టెంబరు నెలల్లో ప్రైమరీ ఒక్కసారిగా ఎగిరి, తరువాతి నెలలో పడిపోయిందేమో చూడండి. ఆపైన మీ ముందు పనిచేసిన వ్యక్తికి ఫోను చేయండి. ఆ నంబరు స్టాకిస్టు గుమాస్తా దగ్గర తప్పక ఉంటుంది. "ఎందుకు మానేశారు" అని సూటిగా అడగండి. రెండేళ్ళలో ముగ్గురు మారిన టెరిటరీ అయితే ఆ సంగతి ఒక్కటి చాలు.

మందుల షాపులకు కూడా వెళ్ళండి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య. సాయంత్రం రద్దీలో వెళ్ళి ఆర్‌సీపీఏ పేరుతో చీటీల లెక్క అడిగితే విసుక్కుంటారు, అది న్యాయమే. షాపతని దగ్గర పేరుకున్న ఎక్స్‌పైరీ స్ట్రిప్పుల జాబితా రాసుకొని వెళ్ళి స్టాకిస్టు దగ్గర పరిష్కరించి చూడండి. ఆ తరువాత ఏ డాక్టరు ఏమి రాస్తున్నారో ఆ షాపతనే కుర్చీ వేసి మరీ చెబుతాడు.

ఈ లెక్కంతా ఒక పేజీ మీద రాసి మేనేజరుకు చూపించండి. ఫిర్యాదు చేస్తున్నట్టు కాకుండా, "సార్, పునాది ఇలా ఉంది, నా టార్గెట్టు ఎలా వేశారో చెప్పండి" అని అడగండి. మంచి మేనేజరు అయితే ఆ పేజీ తీసుకొని పైవాళ్ళతో మాట్లాడతాడు, మీతో కలిసి జాయింట్ వర్క్‌కు వచ్చినప్పుడు స్టాకిస్టు దగ్గర కూర్చుంటాడు. పేజీ చూడకుండానే "నెంబరు చెప్పు" అంటే, మీ తేదీ వచ్చినప్పుడు ఆ సంగతి గుర్తు పెట్టుకోండి.

మనసు ఒప్పుకోని పనులు

కొందరి సందేహం వేరుగా ఉంటుంది. "మేడం, ఇది తప్పేమో అనిపిస్తోంది" అంటారు. ఈ సందేహాన్ని నేను అన్నిటికంటే ఎక్కువ గౌరవిస్తాను. దీన్ని అలవాటు చేసుకొని పోగొట్టుకోవద్దు.

ఏది తప్పో ఊహించుకోనక్కరలేదు, రాసి ఉంది. 2024 మార్చి 12న కేంద్ర ప్రభుత్వ ఔషధ విభాగం విడుదల చేసిన మార్కెటింగ్ నియమావళిని, అందరూ యూసీపీఎంపీ అనేదాన్ని, ఒకసారి పూర్తిగా చదవండి. డాక్టరుకు గానీ వారి కుటుంబానికి గానీ సొంతానికి వాడుకునే బహుమతులు ఇవ్వకూడదు. మందును గుర్తుచేసేందుకు ఇచ్చే సమాచార వస్తువు ఒక్కోటీ 1,000 రూపాయలు దాటకూడదు. ఒక మందు శాంపిల్ ప్యాకులు ఒక డాక్టరుకు ఏడాదికి 12 మించకూడదు. డాక్టర్ని కలవడం కోసం ఏ రూపంలోనూ డబ్బు ఇవ్వకూడదు. రెప్ చేసిన పనికి కంపెనీ బాధ్యత వహించాలని కూడా అందులో ఉంది. ఇది మీకు రక్షణ. పైనుంచి తేడాగా ఏదైనా చెప్పినప్పుడు "సార్, ఇది మెయిల్‌లో పంపండి" అని మర్యాదగా అడగండి. పంపలేని పని అయితే చాలాసార్లు ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

మన పల్లెల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఆర్‌ఎంపీల సంగతి. అంకెలు నింపడానికి వాళ్ళ దగ్గరికి వెళ్ళి యాంటీబయాటిక్ శాంపిళ్ళు ఇమ్మని చెప్పే కంపెనీలు ఉన్నాయి. మందు రాసే అర్హత లేనివారికి శాంపిల్ ఇవ్వకూడదని అదే నియమావళి చెబుతోంది. ఆర్‌ఎంపీ మంచి మనిషి కావచ్చు, అర్ధరాత్రి ఊళ్ళో పలికేది ఆయనే కావచ్చు. అయినా రెండు రోజుల యాంటీబయాటిక్ ఆయన చేతిలో పెట్టి రావడం వల్ల దెబ్బతినేది అదే ఊళ్ళో జ్వరంతో పడుకున్న మనిషి. నేను ఇవ్వను, నా టీములో ఎవరినీ ఇవ్వనివ్వను. మీ కంపెనీలో ఇది పట్టుబట్టి చేయిస్తుంటే, ఐదో నెల దాకా చూడకుండానే వేరే చోటు వెతుక్కోండి.

ఆడపిల్లలకు రెండు మాటలు. ఔట్ స్టేషన్ టూర్ ప్రోగ్రాము వేసేటప్పుడు తిరుగు బస్సు సమయం ముందు చూసి, ఆ తరువాత డాక్టర్ల వరుస రాయండి. నరసరావుపేట రాత్రి కాల్స్‌ను నేను ఉదయానికి మార్పించుకోవడానికి నాలుగు నెలలు పట్టింది, కానీ మారింది. ప్రతి ఊళ్ళో టాయిలెట్ వాడుకోవడానికి వీలున్న ఒక ఆసుపత్రిని మొదటి రోజే చూసి పెట్టుకోండి. నీళ్ళు తాగడం మానేసి ఫీల్డు చేయకండి. నేను అలా చేసి మూత్రనాళ ఇన్ఫెక్షనుతో వారం రోజులు మంచం పట్టాను.

తేదీ వచ్చాక

పుస్తకం, డబ్బు లెక్క, స్టాకిస్టు పేజీ మూడూ ముందు పెట్టుకొని ఒక ఆదివారం కూర్చోండి. ఇంట్లో మీ మాట వినేవారు ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకొని పైకి చదవండి. ఉండాలని తేలితే, మరో ఆరు నెలలకు ఇంకో తేదీ పెట్టుకోండి.

వెళ్ళాలని తేలితే, చెప్పకుండా ఫోను ఆపేసి వెళ్ళిపోవద్దు. ఫార్మసీ చదివినవారికి దారులు చాలా ఉన్నాయి: ఆసుపత్రి ఫార్మసిస్టు, పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా డ్రగ్ ఇన్‌స్పెక్టర్, హైదరాబాదు చుట్టుపక్కల జీడిమెట్ల, పాశమైలారం కంపెనీల్లో క్వాలిటీ విభాగాలు, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ పని. వాటిలో చాలాచోట్ల రిలీవింగ్ లెటరు అడుగుతారు. రాజీనామా మెయిల్‌లో పంపి, దాన్ని మీ సొంత మెయిల్‌కు కూడా పంపుకోండి. కంపెనీ యాప్ మూసేయకముందే జీతం పత్రాలు, క్లెయిముల వివరాలు దించుకోండి. నోటీసు రోజుల్లో కూడా కాల్స్ చేయండి. మిగిలిన శాంపిళ్ళు, బ్యాగు, ట్యాబ్ జాబితా రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పీఎఫ్ యూఏఎన్ నంబరు మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి. ఆఖరి లెక్క ఆపి ఇబ్బంది పెడితే, 1963లో ఏర్పడిన రెప్‌ల సమాఖ్య ఎఫ్‌ఎంఆర్‌ఏఐకి అనుబంధంగా మన ప్రాంతంలో ఉన్న యూనియన్ వాళ్ళను కలవండి, ఎలా రాయాలో చెబుతారు.

ఆఖరి రోజున ప్రతి స్టాకిస్టు దగ్గరికీ వెళ్ళి, ఆనాటి క్లోజింగ్ స్టాకు, కదలని సరుకు, రావలసిన ఎక్స్‌పైరీ క్లెయిములు ఒక కాగితం మీద రాయించి, తేదీ వేయించి, ముద్ర కొట్టించండి. ఒక కాపీ మేనేజరుకు ఇవ్వండి. ఇంకో కాపీ స్టాకిస్టు ఫైల్లోనే వదలండి. మీ తరువాత వచ్చే అమ్మాయో అబ్బాయో మొదటి వారంలో అక్కడికి వచ్చి అడిగేది ఆ కాగితం గురించే.